మంచు అన్న ఒక్క మాట

జనవరి మొదటి వారం. ఎమ్మిగనూరులో మా పెద్దమ్మ రాత్రి అన్నాలయ్యాక మిద్దె మీదికెక్కి ఫోను చేసింది. అవతల నోయిడాలో ఆమె కొడుకు. భోగికి ఇంటికి రావాలి. ఢిల్లీలో విమానమెక్కి హైదరాబాదులో దిగి, అక్కడినుంచి బస్సు.

"ఏం నాయనా, టీవీలో ఢిల్లీలో మంచు, మంచు అని ఒకటే సెప్తాండారు. నీ ఇమానం ఎగురుతాదా లేదా?"

"అది పడే మంచు కాదు మా."

"పడని మంచైతే మరి ఇమానానికేమప్పా? ఈడ సూస్తే ఆకాశం తళతళ మెరుస్తాంది, సుక్కలన్నీ కనపడ్తాండాయి."

వాడి దగ్గర జవాబు లేదు. ఇంజనీరింగు చదివినవాడే. "చూస్తాలే మా" అని పెట్టేశాడు. ఈ అధ్యాయమంతా పెద్దమ్మ ప్రశ్నకు జవాబే.

తికమక మన మాటలోనే మొదలవుతుంది. తెల్లవారి గడ్డి మీద మెరిసే చుక్క మంచు. ఊరి చెరువు మీద తెల్లగా పరుచుకునేదీ మంచే. సిమ్లాలో దూదిలా రాలేదీ, హిమాలయం మీద పేరుకున్నదీ మంచే. పుస్తకాల్లో తుషారం, నీహారం, హిమం అని సంస్కృతం మాటలున్నాయి గాని ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. ఆదోనిలో కన్నడం మాట్లాడే ఇళ్ళల్లో ఆకు మీది చుక్కకు ఇబ్బని అని వేరే మాటుంది. వాళ్ళకు ఆ మేరకు సుళువు. పేపర్లవాళ్ళు పొగమంచు అని రాసి కొంత మేలు చేశారు. కానీ టీవీ స్క్రోలింగులో పొగ ఎగిరిపోయి మంచు మిగులుతుంది. చూసేవాళ్ళ కళ్ళ ముందు రెక్కల మీద ఐసుగడ్డలతో విమానం నిలబడుతుంది.

ముందు మన మంచు సంగతి చూద్దాం. ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి చేలల్లో రబీకి శనగ వేస్తారు. ఇది అల్పవర్షపాత మండలం. ఏడాదికి 500 నుంచి 750 మిల్లీమీటర్ల వాన కురిసే నేల. శనగ విత్తాక వాన పడకపోయినా, రేగడి పట్టి ఉంచుకున్న తేమతో, తెల్లవారుజామున కురిసే మంచుతో పంట నెట్టుకొస్తుందని రైతుల నమ్మకం. మంచు వాటా ఎంత, నేలలోని తేమ వాటా ఎంత అని లెక్క తీస్తే నేలదే చాలా ఎక్కువని తేలుతుంది. కానీ పొద్దున్నే శనగ చేలో నడిస్తే పంచె మోకాళ్ళ దాకా తడుస్తుంది. ఆ తడి నాలుకకు తగిలితే పుల్లగా ఉంటుంది. శనగ ఆకుల మీది నూగు మాలిక్ ఆమ్లాన్ని ఊరుస్తుంది, మంచు దాన్ని కరిగిస్తుంది. వెనకటి రోజుల్లో రాత్రిపూట చేను మీద గుడ్డ పరిచి, తెల్లారి పిండి, ఆ పులుపును మందులకు వాడేవాళ్ళు. ఆయుర్వేదంలో దాని పేరు చణకామ్లం.

ఆ మంచు పైనుంచి పడదు. "మంచు కురిసింది" అంటాం గాని కురిసేదేమీ లేదు. ఫ్రిజ్ లోంచి తీసిన చెంబుకు చుట్టూ చెమట పట్టినట్టే, చల్లబడిన ఆకు మీద గాలిలోని ఆవిరి నీరవుతుంది. మరి ఆకు ఎందుకు చల్లబడింది? పగలు ఎండకు కాగిన నేల, చెట్టు, మిద్దె అన్నీ రాత్రంతా కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వేడిని పైకి వదిలేస్తుంటాయి. మబ్బుంటే గొంగడి కప్పినట్టు ఆ వేడిలో కొంత తిరిగి కిందికొస్తుంది. మబ్బు లేకుంటే వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. నేల చల్లబడుతుంది, నేలనంటుకున్న గాలి చల్లబడుతుంది, పైన గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చలి పెరగాలి. ఈ రాత్రుళ్ళలో అది తలకిందులవుతుంది. బరువైన చల్లగాలి అడుగున, తేలికైన వెచ్చగాలి పైన, డబ్బాకు మూత పెట్టినట్టు. అందుకే చలికాలం పొద్దున ఊళ్ళో పొయ్యిల పొగ పైకి లేవకుండా ఇళ్ళ కప్పుల ఎత్తున అడ్డంగా సాగుతుంది.

అంటే పెద్దమ్మ చూసిన చుక్కలు ధైర్యం చెప్పే చుక్కలు కావు. తేటగా ఉన్న ఆకాశమే పొగమంచుకు మొదటి సరుకు. రెండోది నిలిచిన గాలి. మూడోది తేమ, అది మనకు తక్కువ.

నిండా తేమ పట్టిన గాలి 20 డిగ్రీల దగ్గర ఘనమీటరుకు సుమారు 17 గ్రాముల ఆవిరిని మోస్తుంది. 10 డిగ్రీలకు చల్లబడితే సుమారు 9 గ్రాములకు మించి మోయలేదు. మిగిలింది దించుకోవాల్సిందే. దించుకోవడానికి రెండు దార్లు. గాలి బొత్తిగా కదలకపోతే ఆవిరి నేల మీదే, ఆకుల మీదే దిగుతుంది, అది శనగ చేని మంచు. పిల్లగాలి ఉండి అడుగు పొరను మెల్లగా కలిపిందనుకోండి, చలి కొన్ని మీటర్లు, కొన్ని పదుల మీటర్ల ఎత్తు దాకా పాకుతుంది. అప్పుడు ఆవిరి గాల్లోనే, దుమ్ము రేణువుల చుట్టూ చేరి నీటి బిందువులవుతుంది. అది పొగమంచు. గాలి ఇంకా గట్టిగా వీస్తే పైనుండే వెచ్చదనం కిందికి కలిసి రెండూ చెదిరిపోతాయి. ఆకు మీది మంచూ పొగమంచూ ఒకే ఇంటి అన్నదమ్ములు, వాటా దగ్గర మాత్రం పోటీ. ఆకు ఎంత నీరు తీసుకుంటే గాల్లో అంత తక్కువ మిగులుతుంది.

మన కర్నూలు పడమటి తాలూకాల్లో జనవరికి గాలి ఎండిపోతుంది. మగ్గం నేసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. గాలి పొడిగా ఉంటే నూలు పెళుసై పోగులు తెగుతాయి. గుంట మగ్గంలో నేల చల్లదనం, తడి నూలుకు కొంత కాపు. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘం పెట్టేనాటికే కాదు, అంతకు ఎన్నో తరాల ముందే నేతగాళ్ళు నూలు మీద వేలు పెట్టి గాలిలో తేమను కొలిచేవాళ్ళు. ఇంత పొడిగాలిలో ఆకు తడిసేంత మంచు దిగుతుంది గాని, బండి దీపం కనపడనంత పొగమంచు అరుదు. తుంగభద్ర దిగువ కాలవ కింద మళ్ళున్నచోట మాత్రం తెల్లారి పలచని తెర లేవవచ్చు, ఫర్లాంగు దూరంలో మెట్టచేను తేటగా ఉండగానే.

నిజానికి పొగమంచులో నీళ్ళు చాలా కొంచెం. ఘనమీటరుకు గ్రాములో పదో వంతు, కాస్త అటూ ఇటూ. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిని దట్టమైన పొగమంచుతో నింపి, అదంతా నీరు చేసి పట్టుకుంటే చెంచాడు రాదు. అంత కొద్ది నీరు ఎదుటి మనిషిని ఎలా దాచేస్తుంది?

దీనికి ఆదోని జిన్నింగు మిల్లులో జవాబుంది. ప్రెస్సు కొట్టిన బేలులో 170 కిలోల పత్తి మూలన ఒద్దికగా కూచుంటుంది. దాన్నే విప్పి ఏకితే గదులు నిండిపోతాయి. బరువు మారలేదు, పరుచుకున్న తీరు మారింది. ఒక మిల్లీమీటరు వెడల్పున్న వాన చినుకును తీసుకుని, మిల్లీమీటరులో నూరోవంతు వెడల్పున్న బిందువులుగా చీలిస్తే సరిగ్గా పది లక్షలొస్తాయి. ఆ పది లక్షల బిందువులూ కలిసి అడ్డుకునే వెలుతురు, ఒక్క చినుకు అడ్డుకునేదానికి నూరు రెట్లు. అందుకే జోరువానలో కూడా లారీ దీపాలు దూరంనుంచి కనపడతాయి గాని, చుక్క నీరు రాలని పొగమంచులో దగ్గరికొచ్చేదాకా కనపడవు.

ఇంకో మెలిక. గాలిలో పొగ, దుమ్ము రేణువులు ఎక్కువైతే అదే నీరు ఇంకా ఎక్కువ, ఇంకా చిన్న బిందువులుగా పంచుకుపోతుంది. ఏకినదాన్ని మళ్ళీ ఏకినట్టు. ఢిల్లీ కష్టమంతా ఇక్కడుంది. గంగా యమునా మైదానం పల్లపు నేల. శీతాకాలంలో పడమటి నుంచి వచ్చే వాయు అలజడులు చిన్న వానతో తేమనిచ్చి పోతాయి. గోధుమ చేలకు కట్టిన నీరు ఎలాగూ ఉంది. వెనకే తేట ఆకాశం, 7, 8 డిగ్రీల రాత్రుళ్ళు, నిలిచిన గాలి, వీటన్నిటి మీద మహానగరం పొగ. అన్ని సరుకులూ ఒకేచోట. అక్కడ పొగమంచు ఎప్పుడు పుడుతుంది, ఎంతసేపుంటుంది అని తేల్చడానికే పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ, భారత వాతావరణ శాఖ కలిసి 2015-16 చలికాలంలో ఢిల్లీ విమానాశ్రయంలోనే పరికరాలు నాటి వైఫెక్స్ అనే పరిశోధన మొదలుపెట్టాయి.

ఢిల్లీని ఆడిపోసుకునే ముందు మన చేతులు కూడా చూసుకోవాలి. 2018 జనవరి 13న చెన్నైలో భోగి పొద్దున వీధి వీధినా పాత సామాన్లు, టైర్లు తగలబెట్టారు. ఆ పొగ చలికాలపు మూత కింద చిక్కి, తెల్లవారుజామున మంచుతో కలిసి, విమానాశ్రయాన్ని కమ్మేసింది. దిగాల్సిన విమానాలు వేరే ఊళ్ళకు మళ్ళాయి. పండక్కి బయల్దేరినవాళ్ళు పండగ మంట వల్లే ఆగిపోయారు. పిడకలు, కట్టెలు వేసుకునే భోగి మంటను నేను వద్దనను, చిన్నప్పుడు దాని చుట్టూ తిరిగినవాణ్ణే. టైరు మాత్రం భోగి సామాను కాదు.

ఇప్పుడు విమానం సంగతి. పొగమంచు వల్ల రెక్కకు ఏమీ కాదు, ఇంజనుకూ ఏమీ కాదు. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి రెక్క దాని మీద ఇంకా బాగా ఆనుతుంది. విమానానికి మన మే నెల వడగాలే జనవరి చలికన్నా ఎక్కువ శ్రమ. చిక్కంతా చూపుతోనే. రన్‌వే దగ్గర నేల నుంచి రెండు రేడియో దారులు ఆకాశంలోకి సాగి ఉంటాయి. ఒకటి విమానాన్ని రన్‌వే నడిమి గీతకు సరిగ్గా నిలుపుతుంది, రెండోది సుమారు మూడు డిగ్రీల వాలు పట్టి కిందికి దించుతుంది. మామూలు ఏర్పాటున్నచోట ఈ దారి వెంట 200 అడుగుల ఎత్తు దాకా వచ్చి, అక్కడ పైలటు కంటితో రన్‌వేను చూడాలి. కనపడకపోతే మళ్ళీ పైకి లేచిపోవాలి. దీన్ని కేటగిరీ 1 అంటారు. రన్‌వే మీద కనీసం 550 మీటర్ల చూపు కావాలి. కేటగిరీ 3బి ఉన్నచోట 50 మీటర్ల చూపుకే విమానం తనంతట తాను చక్రాలు ఆనిస్తుంది. కాకపోతే రన్‌వేకు ఆ ఏర్పాటుండాలి, విమానంలో ఆ పరికరాలుండాలి, పైలటుకు ఆ శిక్షణ ఉండాలి. మూడింటిలో ఏది లేకున్నా అంత తక్కువ చూపులో దిగడం కుదరదు. అలాంటి రన్‌వే మీద కూడా పైకి లేవడానికి మాత్రం 125 మీటర్లు కావాలి, ఎందుకంటే పరుగెత్తించేది యంత్రం కాదు, పైలటు కన్ను. కాబట్టి దిగగలిగి, లేవలేని గంటలు కూడా ఉంటాయి.

బెంగళూరు విమానాశ్రయం 915 మీటర్ల ఎత్తున దేవనహళ్ళి దగ్గరుంది. డిసెంబరు, జనవరి పొద్దుల్లో అక్కడా పొగమంచు దిగుతుంది. ఒకప్పుడు దిగడానికి 550, లేవడానికి 300 మీటర్లు కావాల్సి వచ్చేది. 2021 జనవరికల్లా దక్షిణ రన్‌వేకు కేటగిరీ 3బి వచ్చింది, దక్షిణాదిలో అదే మొదటిది. ఈ చూపు దూరాన్ని మనిషి నిలబడి కొలవడు. ఒక గట్టి దీపం, దానికెదురుగా కొన్ని మీటర్ల దూరంలో ఒక గ్రాహకం. పంపిన వెలుతురులో ఎంత చేరిందో చూసి పొగమంచు చిక్కదనం లెక్కగడతారు. విదేశాల నుంచి కొనే ఈ పరికరాన్ని బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ మన దేశంలోనే తయారుచేసి 'దృష్టి' అని పేరు పెట్టింది. మన సంస్థల్లో సరుకుకు సరిపోయిన పేరు పెట్టడం అరుదు, అందుకని చెబుతున్నాను.

ఇంత ఏర్పాటున్నా ఆలస్యం ఎందుకు? దిగే విమానానికి దారి చూపే ఆ రేడియో కిరణం, ముందు దిగినది రన్‌వే దగ్గర ఇంకా తిరుగుతుంటే చెదురుతుంది. అందుకని ఒకదానికీ ఒకదానికీ ఎడం పెంచుతారు. నేల మీద కూడా బళ్ళన్నీ నత్తనడకే. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి సీజనులో ఎప్పుడైనా నిలబడ్డారా? కాటా చెడిపోనక్కర్లేదు, కాస్త నెమ్మదిస్తే చాలు, బళ్ళ వరుస రోడ్డెక్కుతుంది. కాటా మామూలు వేగం అందుకున్న తర్వాత కూడా ఆ వరుస సాయంత్రం దాకా తరగదు.

లెక్క కోసం ఒక రన్‌వే అనుకుందాం. గంటకు 40 విమానాల శక్తి, వచ్చేవి 36. పొగమంచుకు శక్తి 20కి పడిపోయింది, మూడే గంటలు. గంటకు 16 చొప్పున 48 విమానాలు మిగిలిపోయాయి. తొమ్మిదికి ఎండొచ్చింది, శక్తి మళ్ళీ 40. కానీ కొత్తవి 36 వస్తూనే ఉన్నాయి. పాత బాకీ గంటకు నాలుగే తీరుతుంది. 48 తీరడానికి పన్నెండు గంటలు. పొద్దున మూడు గంటల పొగమంచు రాత్రి తొమ్మిదింటి ప్రయాణికుణ్ణి కూచోబెట్టింది. నిజంలో కొన్నిటిని రద్దు చేసి, కొన్నిటిని వేరే ఊళ్ళకు మళ్ళించి ఈ బాకీ తగ్గిస్తారు. రద్దయినదాంట్లో మనముంటే అది వేరే కథ.

ఒకే విమానం రోజుకు నాలుగైదు ఊళ్ళు తిరుగుతుంది. పొద్దున ఢిల్లీలో చిక్కిన విమానమే మధ్యాహ్నం మీకు హైదరాబాదులోనో బెంగళూరులోనో కావాల్సినది కావచ్చు. ఓర్వకల్లు రన్‌వే మీద ఎండ ఫెళ్ళున కాస్తుంటే కర్నూలు విమానం ఆలస్యమైతే తప్పు కర్నూలు ఆకాశానిది కాకపోవచ్చు. మన తల మీది వాతావరణం కన్నా, మన విమానం పొద్దున ఎక్కడ నిద్రలేచిందో అక్కడి వాతావరణం ముఖ్యం.

2024లో భోగి జనవరి 14. ఆ పొద్దున ఢిల్లీలో చూపు సున్నాకు దగ్గరైంది. కేటగిరీ 3 ఉన్న రన్‌వేల్లో ఒకటి మరమ్మతులో ఉంది. కాటాల్లో ఒకటి మూసినరోజే బళ్ళన్నీ వచ్చినట్టయింది. వంద పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. గోవా నుంచి ఢిల్లీ వెళ్ళాల్సిన విమానం ముంబైకి మళ్ళింది, ప్రయాణికులు విమానాల మధ్య నేల మీదే కూచుని అన్నం తిన్న వీడియో దేశమంతా చూసింది. ఢిల్లీలో ఆలస్యం ప్రకటిస్తున్న పైలటును ఒక ప్రయాణికుడు కొట్టాడు. మర్నాడే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనలిచ్చింది. మూడు గంటలకు మించి ఆలస్యమయ్యేటట్టుంటే జనాన్ని విమానాశ్రయంలో పోగేయకుండా ముందే రద్దు చెయ్యవచ్చని అందులో ఒకటి.

ఇక మూడో మంచు, నిజంగా పడేది. డల్లాస్‌లోనో చికాగోలోనో పిల్లలున్నవాళ్ళ భయం దీని గురించే, అది అర్థముండే భయం. రెక్క మీద గరుకు కాగితమంత పలచని మంచు పొర అంటినా గాలి సాఫీగా జారదు, రెక్క మోసే బలం పడిపోతుంది. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచుతో లేచిన విమానం పోటోమాక్ నదిలో కూలి, వంతెన మీది నలుగురితో కలిపి 78 మంది పోయారు. అందుకే ఇప్పుడు బయల్దేరే ముందు గ్లైకాల్ కలిపిన వేడి ద్రవంతో రెక్కలు కడుగుతారు, మళ్ళీ మంచు పట్టకుండా చిక్కటి ద్రవం పూస్తారు. దాని బలం కొంతసేపే. వరుస సాగకపోతే మళ్ళీ వెనక్కొచ్చి కడిగించుకోవాలి. 2022 క్రిస్మస్ తుఫానులో అమెరికాలో ఒక్క సౌత్‌వెస్ట్ సంస్థే పది రోజుల్లో 16 వేలకు పైగా విమానాలు రద్దు చేసింది. మంచు ఆగిపోయాక కూడా సిబ్బంది ఎవరు ఎక్కడున్నారో వాళ్ళ కంప్యూటర్లు తేల్చలేకపోయాయి. కాటా బాగయ్యాక కూడా వరుస తెగలేదన్నమాట.

పొగమంచుకు ఇలాంటి మొండితనం తక్కువ, దానికి గడియారం ఉంది. అర్ధరాత్రి దాటాక పుడుతుంది. పొద్దు పొడిచే వేళకు బాగా చిక్కబడుతుంది. ఎండకు నేల వేడెక్కి అడుగు గాలి పైకి లేస్తే మూత తెరుచుకుంటుంది, తొమ్మిది, పదకొండు మధ్య చాలాచోట్ల చెదిరిపోతుంది. ఢిల్లీలో కొన్నిసార్లు మధ్యాహ్నం దాకా పట్టుకుంటుంది, కానీ పూట చూసుకుని టికెట్టు కొనేవాడికి అక్కడా లాభమే. తెల్లవారుజాము విమానం చవకగా ఉండడానికి కారణాలు చాలా ఉన్నాయి, జనవరిలో ఇదొకటని నా అనుమానం.

పెద్దమ్మ కొడుక్కి నేను చెప్పింది ఇదే. పొద్దున 6 గంటల టికెట్టు మార్చి మధ్యాహ్నం 2 గంటలది తీసుకోమన్నాను. వెయ్యి రూపాయలు ఎక్కువైందని గొణిగాడు. మీకూ ఇదే చెబుతున్నాను. రెండు విమానాలు మారాల్సి వస్తే రెండూ ఒకే టికెట్టు మీద కొనండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది పోయినప్పుడు పూచీ ఎవరిదీ కాదు. వాతావరణం వల్ల ఆలస్యమైతే నష్టపరిహారం రాదు. అయినా ఎదురుచూసేటప్పుడు తిండి, మరీ ఆలస్యమయ్యేటట్టుంటే వేరే విమానమో డబ్బు వాపసో అడగవచ్చు. అడగండి. పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు వచ్చేవాళ్ళు రథం లాగే రోజు పొద్దున దిగే టికెట్టు కొనకండి, ముందురోజు మధ్యాహ్నం దిగండి. ఇంట్లోవాళ్ళు మిద్దెక్కి చుక్కలు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఫోనులో విమానం నంబరు కొట్టి, అది అంతకు ముందు ఏ ఊరినుంచి వస్తోందో, ఆ ఊళ్ళో పొద్దెక్కిందో లేదో చూడండి.